కోనాం కాని కోనాం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే కాసేపు నిలబడితే కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ చెవిన పడతాయి. వంజరం, కోనాం, కానగుర్త, పార, చందువా, సావళ్ళు. వాటి మధ్య అప్పుడప్పుడు కొమ్ము కోనాం. ఇద్దరు మనుషులు పట్టి మోయాల్సినంత పెద్ద చేప. ముక్కు ముందు బల్లెంలా పొడుచుకొచ్చిన కొమ్ము. సెయిల్‌ఫిష్ అయితే వీపు మీద తెరచాపలా విచ్చుకునే రెక్క కూడా ఉంటుంది. సెయిల్‌ఫిష్, మార్లిన్ అని ఇంగ్లీషులో విడివిడిగా పిలిచేవాటిని మావైపు చాలాసార్లు ఈ ఒక్క పేరుతోనే సరిపెడతారు. ఆ పేరులోనే ఒక సిద్ధాంతం దాక్కుని ఉంది: కోనాం అనే చేప ఒకటుంది, దానికి కొమ్ము మొలిస్తే ఇది.

ఒకసారి చేపలు కోసే ఒకావిడని అడిగాను, కొమ్ము కోనాం నిజంగా కోనామేనా అని. "కోనామేటి బాబూ, ముక్క సూడు. అది కోనాం దర పలికితే మేమిలాగెందుకుంటాం?" అంది, కత్తిపీట మీంచి తలెత్తకుండానే.

ఆవిడ లెక్క రుచిది, ధరది. పేరు పెట్టినవాళ్ల లెక్క ఆకారానిది. ఈ రెండూ కాక మూడో లెక్క ఒకటుంది: ఏది దేనికి చుట్టం? రెండు చేపల తాతలు, ముత్తాతలు, వాళ్ల ముత్తాతలు అలా కోట్ల ఏళ్లు వెనక్కి పోతే ఎక్కడ కలుస్తారు? ఉద్యోగరీత్యా నేను సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. చేపలతో నాకున్న వృత్తి సంబంధం శూన్యం, భోజన సంబంధం ఘనం. కానీ ఈ మూడో లెక్క నన్ను రెండేళ్లుగా వదలడం లేదు.

పేర్ల సంగతి మొదలుపెట్టాం కాబట్టి ముందు రస్సెల్ గురించి చెప్పాలి. ప్యాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్ వైద్యుడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈయనదే. 18వ శతాబ్దం చివర్లో తమ్ముడితో పాటు విశాఖపట్నంలో ఉంటూ, పాములతో పాటు చేపల్నీ సేకరించి, స్థానిక చిత్రకారుడితో బొమ్మలు వేయించి, 1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం అచ్చు వేయించాడు. కోరమండల్ తీరాన వైజాగపటంలో సేకరించిన రెండువందల చేపల వర్ణనలూ చిత్రాలూ అన్నది దాని పేరు సారాంశం. ఆ పుస్తకంలో నాకు ముచ్చటేసే విషయం, చేపల పక్కన ఆయన మన జాలర్లు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. తన చెవికి వినపడినట్టు, తన స్పెల్లింగులో. వంజరం ఆయన చేతిలో 'వింగెరం' అయింది. కోనాం మాత్రం కోనాంగానే మిగిలింది.

తర్వాత ఫ్రాన్స్‌లో కూర్చుని ప్రపంచపు చేపలన్నిటికీ లాటిన్ పేర్లు పెడుతున్న కువియర్ రస్సెల్ పుస్తకాన్ని తిరగేశాడు. అందులో పేర్లు కొన్నిటిని అలాగే ఎత్తేసుకున్నాడు. అందుకే ఈరోజు టోక్యోలోనో నైరోబీలోనో ఉన్న శాస్త్రవేత్త కానగుర్త గురించి పేపరు రాస్తే 'రాస్ట్రెల్లిజర్ కానగుర్టా' అనే రాయాలి. తెలుగు తెలియకుండానే తెలుగు పలకాలి. బర్రాకుడాల్లో ఒకదాని పేరు స్ఫిరైనా జెల్లో. ఆ జెల్లో కూడా రస్సెల్ మన తీరంలో విన్నదే. తోలుపార నుంచి 'టోల్' అనే ముక్క ఇంకో చేపకి అంటుకుంది. డచ్చి వైద్యుడు బ్లీకర్ 1851లో ఒక చేపకి సిబియం కోనాం అని పేరు పెట్టాడు గానీ అది నిలవలేదు. ఆ చేపకి అంతకుముందే ఇంకెవరో పేరు పెట్టేశారని తేలింది. శాస్త్రంలో ముందొచ్చిన పేరుకే పట్టా.

పేర్లు సరే, చుట్టరికం మాటేమిటి? ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసిన సంగతి. కొమ్ము కోనాం అని పేరు పెట్టిన జాలరికీ, 20వ శతాబ్దపు శరీరశాస్త్ర పండితులకీ ఈ విషయంలో ఏకాభిప్రాయం. కోనాం, కానగుర్త, ట్యూనాలు ఒక గుంపు. కొమ్ము చేపలు కూడా ఆ గుంపులోనివే, కనీసం దాని గడప దగ్గరవే అని చాలాకాలం అనుకున్నారు. ఆకారం చూసి ఊరికే అనేసిన మాట కాదది. పుర్రెలో ఎముకలు విడదీసి, వెన్నుపూసలు లెక్కపెట్టి, మొప్పల్లోని పోగులు మైక్రోస్కోపు కింద పెట్టి తేల్చిన మాట. 1986లో స్మిత్సోనియన్ మ్యూజియంకి చెందిన డేవిడ్ జాన్సన్ ఇంకో అడుగు ముందుకేశాడు. కొమ్ము చేపలు ట్యూనాల కుటుంబానికి బయట గడప దగ్గర కాదు, ఇంట్లోపలే ఉన్నాయి, వాటికి అందరికంటే దగ్గరి చుట్టం వాహూ అని వాదించాడు. వాహూ అంటే కోనాంకి వరసైన చేపే, ఇంకాస్త సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఆయన ఆధారాల్లో మొప్పలు ముఖ్యమైనవి. మామూలు చేపకి మొప్ప పోగులు దువ్వెన పళ్లలా విడివిడిగా ఉంటాయి. వాహూకీ కొమ్ము చేపలకీ అవి ఒకదానితో ఒకటి అతుక్కుని వలలా గట్టిపడి ఉంటాయి. రెండిటికీ మొప్పల లోపలివైపు ఉండాల్సిన ముళ్లు ఉండవు. ఇంత విచిత్రమైన పోలిక రెండుచోట్ల విడివిడిగా పుడుతుందా?

ఈ ప్రశ్న సాహిత్యం చదివేవాళ్లకి కొత్తదేం కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు సేకరిస్తున్నప్పుడు ఒకే పద్యం ఊరికొక రకంగా దొరికింది. పండితుల్ని పెట్టి ప్రతుల్ని పక్కపక్కన ఉంచి పోల్చి, 1829లో పుస్తకం వేశాడు. రాతప్రతుల్ని పోల్చే పనిలో ఒక మూలసూత్రం ఉంది. రెండు ప్రతుల్లో ఒకే 'సరైన' పాఠం ఉంటే దానివల్ల వాటి చుట్టరికం గురించి ఏమీ తెలియదు. మూలంలో ఉన్నది అందరికీ వచ్చింది, అంతే. రెండింటిలో ఒకే తప్పు ఉంటే మాత్రం చెవులు రిక్కించాలి. ఆ తప్పు చేసిన ఒకే లేఖకుడి చేతి నుంచి రెండూ దిగివచ్చి ఉండాలి. ఇంజనీరింగ్ కాలేజీలో అసైన్‌మెంట్లు దిద్దేవాళ్లకీ ఇదే సూత్రం. ఇద్దరి ప్రోగ్రామూ సరిగ్గా పనిచేస్తే కాపీ అనలేరు. స్పెల్లింగు తప్పున్న ఒకే వేరియబుల్ పేరు ఇద్దరి దగ్గరా ఉంటే ఇక అడగాల్సిన పని లేదు.

ఈగల మీద పనిచేసే జర్మన్ కీటకశాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్ 1950లో జీవులకి సరిగ్గా ఇదే చెప్పాడు. 1966లో ఇంగ్లీషులోకి వచ్చేదాకా ఆయన మాట ప్రపంచానికి పెద్దగా వినపడలేదు. రెండు చేపలకీ పొలుసులున్నాయి, రెక్కలున్నాయి అంటే లాభం లేదు, అవి మూలపాఠం. మధ్యలో ఎక్కడో కొత్తగా పుట్టి కొందరికే సంక్రమించిన మార్పులే సాక్ష్యం. వినడానికి చిన్న మాట. వర్గీకరణ శాస్త్రం మొత్తాన్ని తిరగరాయించిన మాట.

కానీ రాతప్రతుల పండితులకి ఇంకో భయం కూడా ఉండేది. కొన్ని తప్పులు ఏ లేఖకుడైనా చేస్తాడు. తాటాకు మీద థ, ధ ల మధ్య చుక్క ఎగిరిపోవడం, ఒకే పదంతో మొదలయ్యే రెండు పాదాల్లో ఒకటి వదిలేయడం. నెల్లూరులో ఒకడూ బొబ్బిలిలో ఒకడూ ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఆ తప్పు చేయొచ్చు. మరి అతుక్కున్న మొప్పలు ఏ రకం తప్పు?

నోరు తెరిచి శరవేగంతో ఈదే పెద్ద చేపని ఊహించండి. నీరు మొప్పల మీదకి ధారగా, బలంగా వస్తుంది. పోగులు విడివిడిగా ఉంటే వంగిపోతాయి, ఊపిరి అందదు. గట్టిపడాలి. అలాంటి బతుకు బతికే ఏ చేప మీదైనా కాలం అదే ఒత్తిడి పెడుతుంది. అంటే ఇది చుక్క ఎగిరిపోయే రకం తప్పు అయ్యుండొచ్చు. అయ్యుండొచ్చు అన్నంతవరకే. ఎముకల్ని మాత్రమే చూస్తూ తేల్చడం కష్టం.

అప్పుడు డీఎన్ఏ వచ్చింది. ఎ, సి, జి, టి అనే నాలుగక్షరాల పొడుగాటి ప్రతి. ఒకే జన్యువుని వేర్వేరు చేపల నుంచి తీసి, అక్షరం కింద అక్షరం వచ్చేలా పేర్చి, ఏ చెట్టు ఆకారంలో ఈ మార్పులు జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశముందో కంప్యూటర్‌ని వెతకమంటారు. చెప్పడం తేలిక. పది జాతుల్ని చెట్టుగా అమర్చే పద్ధతులు 3 కోట్ల 44 లక్షలకి పైనే ఉన్నాయి. 20 జాతులకి ఆ సంఖ్యలో 22 అంకెలుంటాయి. అన్నిటినీ చూసే ప్రసక్తే లేదు, తెలివిగా వెతకాల్సిందే. నాలాంటివాణ్ణి ఈ విషయం మొదట పట్టుకున్నది ఇక్కడే అని దాచుకోను.

ఒక శని, ఆదివారాలు కూర్చుని నేనూ ఒక చెట్టు కట్టాను. జెన్‌బ్యాంక్‌లో ఎవరైనా దింపుకోగలిగే డేటా ఉంది. చేపల్ని గుర్తుపట్టడానికి అందరూ వాడే మైటోకాండ్రియా జన్యువు ముక్క ఒకటుంది, సుమారు 650 అక్షరాలు. మన మార్కెట్లో దొరికే డజను చేపలవి తీసుకుని ల్యాప్‌టాప్ మీద నడిపాను. కోనాం, కానగుర్త చక్కగా ఒకచోట చేరాయి. కొమ్ము కోనాం ఎటు పోవాలో తేలలేదు. కొమ్మల మీద నమ్మకాన్ని సూచించే అంకెలుంటాయి. డేటాలోని నిలువు వరసల్ని లాటరీ తీసినట్టు మళ్లీ మళ్లీ ఎంచుకుని చెట్టు కడితే, ఆ కొమ్మ నూటికి ఎన్నిసార్లు వచ్చిందో ఆ అంక. చెట్టు చివర్లలో తొంభైలు, లోపలి కొమ్మల్లో ముప్పైలు. ముప్పై అంటే మర్యాదగా 'తెలీదు' అని.

తెలియకపోవడానికి కారణముంది. ముళ్ల రెక్కలున్న ఈ చేపల గుంపులో 17 వేలకి పైగా జాతులున్నాయి. అందులో పెద్ద శాఖలు చాలావరకు తక్కువ కాలంలో, గబగబా చీలిపోయాయి. రెండు చీలికల మధ్య వ్యవధి తక్కువైతే ఆ మధ్యలో అక్షరాలు మారడానికి సమయమే దొరకదు, ఆ తర్వాత కోట్ల ఏళ్ల మార్పులు దాని మీద పేరుకుపోతాయి. గారెత్ నెల్సన్ అనే శాస్త్రవేత్త 1989లో ఈ పరిస్థితిని పొదతో పోల్చాడు: చేపల చెట్టు కింది భాగం విడిపడింది, పైన మాత్రం ఇంకా పొదే. ఒక జన్యువుతో ఆ పొద విడదు. ఎక్కువ జన్యువులు కావాలి. నిదానంగా మారే రకం కావాలి.

అవి ఒక్కొక్కటే వచ్చాయి. 2003లో ఫ్రెంచి బృందం ఒకటి నాలుగు జన్యువులు తీసుకుని విడివిడిగానూ కలిపీ చెట్లు కట్టి, పదేపదే కనపడే గుంపులకి అక్షరాలు తగిలించింది. 'ఎల్' అనే గుంపులో పారలు, నాలుక చేపలు, బర్రాకుడాలు, మన పండుగప్ప బంధువులు ఒకే పంక్తిలో కూర్చున్నాయి. చదివినప్పుడు నాకు పెళ్లి భోజనంలో ముక్కూమొహం తెలియని నలుగురిని ఒక బెంచీ మీద సర్దినట్టు అనిపించింది. 2006లో ఇంకో పేపరు: కొమ్ము చేపలూ ట్యూనాలూ వేర్వేరు శాఖలంటోంది జన్యు సాక్ష్యం. 2010లో మరొకటి: కొమ్ము చేపలకి దగ్గరివి నాలుక చేపలూ పారలూ. 2018లో 303 జాతుల నుంచి 1,105 జన్యుభాగాలతో కట్టిన పెద్ద చెట్టు వచ్చింది. అప్పటికి కొమ్ము చేపల్ని ట్యూనాల పక్కన పెట్టేవాళ్లు దాదాపు మిగల్లేదు.

ఇక కోనాంకి చుట్టాలెవరు? 2013లో జపాన్ శాస్త్రవేత్త మసాకి మియా బృందం తేల్చినదాని ప్రకారం, ట్యూనా, కోనాం, కానగుర్తల కుటుంబంతో పాటు ఇంకో 14 కుటుంబాలు కలిసి ఒకే శాఖ. అందులో వెండి రిబ్బనులాంటి సావళ్ళున్నాయి. పళ్లెంలాంటి చందువా ఉంది. పాత వర్గీకరణలో వేర్వేరు అరల్లో ఉన్నవి. డైనోసార్లు పోయాక సముద్రంలో ఖాళీ అయిన చోట్లలోకి ఒకే పూర్వీకుడి సంతానం రకరకాల ఆకారాల్లో వ్యాపించిందని వాళ్ల ఊహ. తళతళలాడే చందువా కోనాంకి పినతండ్రి బిడ్డ, అచ్చం కోనాంలా ఉన్న కొమ్ము కోనాం పరాయిది. (భోజనప్రియులకి ఇంకొకటి: పాములా ఉండే బొమ్మిడాయికి మలుగుతో ఏ దగ్గరి సంబంధమూ లేదు, దాని చుట్టం కొర్రమీను. పులుసు ఒకేలా కుదరడానికి అది కారణం కాకపోవచ్చు.)

2006 నాటి పేపరు మీద ఉన్న మూడు పేర్లలో చివరిది డేవిడ్ జాన్సన్. 1986లో కొమ్ము చేపల్ని ట్యూనాల ఇంట్లో కూర్చోబెట్టినాయనే. మధ్య పేరు బ్రూస్ కొలెట్, ట్యూనాల శరీర నిర్మాణం మీద జీవితమంతా పనిచేసినవాడు. రెండు పేపర్లూ వచ్చింది ఒకే పత్రికలో, ఇరవయ్యేళ్ల తేడాతో. సాహిత్యంలో ఇలాంటిది చూడటం అరుదు. ఇరవయ్యేళ్ల కిందట ఒక కవిని ఆకాశానికెత్తిన విమర్శకుడు అదే పత్రికలో, తన పేరుతోనే, కొత్త ఆధారం ఇలా అంటోంది అని రాసిన సందర్భం మీకెవరికైనా గుర్తుంటే చెప్పండి.

అయితే ఈ కథని 'ఎముక ఓడింది, జన్యువు గెలిచింది' అని చెప్పేవాళ్లని చూస్తే నాకు చిరాకు. ఓడింది ఏది? అతుక్కున్న మొప్పలు నిజం. ఈటెలాంటి శరీరం నిజం. చుట్టరికం లేదని తేలాక ఆ పోలిక మరింత పెద్ద ప్రశ్న అయింది. ఒంట్లో వేడి సంగతే చూడండి. చేపలు చల్లనెత్తురువి అంటాం. ట్యూనా ఈదే కండరాల వేడిని బయటికి పోనీయకుండా దగ్గరదగ్గరగా అల్లుకున్న రక్తనాళాలతో లోపలే తిప్పుకుంటుంది. కొమ్ము చేప ఒంటినంతా వేడిగా ఉంచుకోదు, కళ్లనీ మెదడునీ మాత్రం వెచ్చగా పెట్టుకుంటుంది. అందుకు కంటిని తిప్పే కండరాల్లో ఒకదాన్ని పొయ్యిగా మార్చుకుంది. ట్యూనాల కుటుంబంలోనే ఉన్న ఒక వింత చేప కూడా కంటి కండరాన్నే పొయ్యి చేసుకుంది గానీ, అది వేరే కండరం. 1993లో బార్బరా బ్లాక్ బృందం ఈ లక్షణాలని జన్యువుల చెట్టు మీద పెట్టి చూసి, చేపల్లో వేడి ఒక్కసారి కాదు, విడివిడిగా పలుమార్లు పుట్టిందని చూపించింది. చెట్టు లేకపోతే ఈ మాట అనలేం. ఎముకలూ కండరాలూ కోసి చూసినవాళ్లు లేకపోతే చెట్టు మీద పెట్టడానికి ఏమీ ఉండదు.

పోలిక అనే మాట మా ఇంట్లో కొంచెం జాగ్రత్తగా వాడతాం. నా తమ్ముడు పదినెలల వయసులో మా ఇంటికి దత్తతకి వచ్చాడు. వాడికి ఆ సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఎవరింటికెళ్లినా "పెద్దాడు తల్లి పోలిక, చిన్నాడు అచ్చం తండ్రే" అంటారు. నిజంగానే అంటారు. వాడు నాన్నలాగే ఎడమ చెప్పు ఈడుస్తూ నడుస్తాడు. ఫోన్‌లో అవతలివాళ్లు మాట్లాడుతుంటే నాన్నలాగే 'ఊఁ' కి బదులు 'సరే సరే' అంటాడు. నాకు ఆ రెండూ రాలేదు. పోయిన ఏడాది వాడు ఉమ్మి పంపితే పూర్వీకుల వివరాలు చెప్పే కిట్ ఒకటి కొన్నాడు. అమ్మ రెండురోజులు మాట్లాడలేదు. మూడో రోజు నన్ను పక్కకి పిలిచి, "అందులో మనం రామా?" అని అడిగింది. రామని చెప్పాను. అంతకంటే ఏం చెప్పాలో నాకు తెలీలేదు. ట్యూనాల గురించి చెప్పే సందర్భం కాదది. తమ్ముడికి మాత్రం చెప్పాను, కొమ్ము కోనాం కథంతా. విని, "అంటే నాన్న నడక నాకు సముద్రం ఇచ్చిందన్నమాట" అని నవ్వి, కిట్ బీరువా పైన పెట్టాడు. అది ఇంకా అక్కడే ఉంది. తెరుస్తాడో లేదో వాడిష్టం.

ఎముకా జన్యువూ కలిసి పనిచేసిన సందర్భం చెప్పమంటే నేను లోతు సముద్రపు మూడు చేపల్ని చెబుతాను. ఒక కుటుంబంలో పెద్ద నోరు, పొలుసుల్లేని ఒళ్లు. ఇంకోదానిలో బుల్లి చేపలు, మొహమంతా ముక్కే అన్నట్టుండే ఘ్రాణాంగాలు. మూడోదానిలో పైనీళ్లలో బతికేవి, కొన్నిటికి తోకనుంచి ఒంటికంటే ఎన్నో రెట్లు పొడవైన తోరణం. మూడు కుటుంబాలు, మూడు పేర్లు. 2003లో వచ్చిన మైటోకాండ్రియా డేటాలో మొదటిదానికీ మూడోదానికీ దాదాపు తేడా కనపడలేదు. డీఎన్ఏ ఒక్కటే చూసి అందరూ వెంటనే ఒప్పేసుకోలేదు, ఒప్పుకోకపోవడమే సబబు. అంత తేడా ఉన్న రెండు శరీరాలు ఒకటెలా అవుతాయో ఎవరైనా చూపించాలి కదా. 2009లో జాన్సన్ (మళ్లీ ఆయనే) బృందం చూపించింది. ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతూ మధ్యలో దొరికిన నమూనాలతో. మూడోవి పిల్లలు, మొదటివి పెద్దయిన ఆడవి, రెండోవి మగవి. మగది పెద్దయ్యేసరికి కడుపూ అన్నవాహికా పోగొట్టుకుంటుంది. చిన్నప్పుడు తిన్నదంతా పెద్ద కాలేయంగా దాచుకుని, మిగతా జీవితం దాని మీదే, ముక్కు పట్టించిన వాసన వెంట ఆడదాన్ని వెతుక్కుంటూ గడుపుతుంది. జన్యువు 'ఒకటే' అని మూడక్షరాలు చెప్పింది. ఈ కథ మాత్రం శరీరాలు చూసినవాళ్లే చెప్పగలిగారు. రోజూ ఆఫీసులో కారణం చెప్పకుండా జవాబు మాత్రం ఇచ్చే మోడళ్ల మధ్య బతికేవాణ్ణి కాబట్టి, నాకీ తేడా కొంచెం ఎక్కువగా గుచ్చుకుంటుంది.

జన్యువు తప్పు చెప్పదు అనుకునేవాళ్లు నాలుక చేపల కథ వినాలి. ఇవి పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే రెండువైపులా రెండు కళ్లతో ఉంటాయి. పెరుగుతుండగా ఒక కన్ను తలమీదుగా రెండోవైపుకి నడిచిపోతుంది. ఆ తర్వాత చేప ఒక పక్కకి ఒరిగి ఇసుకలో పడుకుంటుంది. ఇంత విడ్డూరం ఒక్కసారే పుట్టి ఉండాలని ఎవరైనా అంటారు. జన్యువులు కాసేపు ఔనన్నాయి, కాసేపు కాదన్నాయి. 2021లో నేచర్ జెనెటిక్స్‌లో ఎన్నో జీనోములతో వచ్చిన పేపరు, ఈ విడ్డూరం రెండుసార్లు విడివిడిగా పుట్టిందంది. 2024లో అదే పత్రికలో మరో బృందం డేటాని మళ్లీ పరీక్షించి, ఒక్కసారే అంది.

ఇలాంటి చిక్కుకి ఒక కారణం 2013 నాటికే తెలుసు. కొన్ని శాఖల డీఎన్ఏలో జి, సి అక్షరాలు ఎక్కువగా పేరుకుంటాయి, కొన్నిటిలో ఎ, టి. సంబంధం లేని రెండు చేపలు ఒకే అక్షరాల వైపు మొగ్గితే, వాటి ప్రతులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. కంప్యూటర్ వాటిని చుట్టాలనుకుంటుంది. చుక్క ఎగిరిపోయే తప్పే, ఈసారి జన్యువు లోపల. నాలుగే అక్షరాలున్న భాషలో కాకతాళీయాలకి కొదవేముంది?

రాళ్లలో ఇంకో సాక్ష్యం ఉంది. ఇటలీలో మోంటే బోల్కా అనేచోట దొరికిన సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి శిలాజాలు. చాలాకాలంగా మ్యూజియం అరల్లో ఉన్నవాటినే మాట్ ఫ్రీడ్‌మన్ మళ్లీ తీసి చూసి 2008లో రాశాడు. పెద్దయిన చేపలే, కన్ను మాత్రం సగం దూరం నడిచి ఆగిపోయింది, ఇంకా తన వైపునే ఉంది. అలాంటి సగం కన్ను వల్ల ఏ చేపకి ఏం లాభం అని డార్విన్ కాలంలోనే ఆయన విమర్శకులు నిలదీశారు.

2021 పేపరు విడిగా పుట్టిందని అన్న చేప మన తీరంలో దొరికేదే. సెట్టోడెస్ ఎరుమై దాని పేరు. ఎరుమై తమిళం, గేదె అని అర్థం. దాని తమిళ పేరు గేదె నాలుక. మిగతా నాలుక చేపల్లో వీపు రెక్క తల మీదికి పాకుతుంది, దీనిలో పాకదు. వీపు రెక్కలో ముళ్లు ఇంకా మిగిలున్నాయి. మిగతావాటిలో చాలా జాతులు ఎడమ కళ్లవో కుడి కళ్లవో ఏదో ఒకటే అయితే, ఇందులో రెండు రకాలూ ఇంచుమించు చెరిసగం. దాని నడిచే కన్ను రెండోవైపుకి పూర్తిగా దాటదు. తల అంచు మీదే, సరిగ్గా నెత్తిన ఆగి, పైకి చూస్తూ ఉంటుంది.